నక్కలను వేటాడవలెనా, ఎలుకలను వేటాడవలెనా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల సంఘ సభ్యులు కొందఱు ఇటీవల మమ్ము తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. మొక్కజొన్న కండెలను నక్కలు ఒలిచి తినుచున్నవి. బాపట్ల ఇసుక నేలలలో వేరుసెనగ కాయలను త్రవ్వి పోవుచున్నవి. కృష్ణ యొడ్డున లంక చేలలో అడవిపందులు కందను, చెఱకును రాత్రికి రాత్రి పాడుచేయుచున్నవి. మందు పెట్టియో, కరెంటు తీగ పెట్టియో వీనిని ఒక్కసారిగా రూపుమాపిన నేమని వారి ప్రశ్న. మఱి కొందఱు, అందును ముఖ్యముగా మాగాణి మినుము వేయువారు, నక్క కూత వినబడని పొలములలోనే ఎలుకలు పెచ్చు పెరుగుచున్నవని చెప్పుచున్నారు. ఒక సంఘ సమావేశమున ఈ విషయమై ఉభయ పక్షములవారును మాటా మాటా అనుకొనుటయు జరిగినది. కావున మాకు తెలిసినంత వఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ వివాదము మన యూళ్లలో క్రొత్తగా పుట్టినది కాదు. నక్కకు పెద్ద దాయాదియైన తోడేలును గూర్చి లోకమున పెక్కు దేశములలో ఇదే వాదము చాల కాలముగా నడచుచున్నది. మొదట దానిని చెప్పిన పిమ్మట మన పొలములకు వత్తుము.

తోడేలు మన డెల్టా పల్లములలో తిరుగు మృగము కాదు. అది మెట్ట బీళ్లది. వరికోత లైన తరువాత మన చేలలో మంద కట్టుటకై మెట్టనుండి గొఱ్ఱెలను తోలుకొని వచ్చు కాపరులను అడిగిచూడుడు. తోడేలు పేరెత్తిన చాలు, వారు తమ కష్టములను తెల్లవార్లు చెప్పుదురు. మందపై బడి రెండు గొఱ్ఱెలను పొట్టన పెట్టుకొన్న తోడేలు ఆ కాపరి సంసారమునకు చేసిన నష్టము చిన్నది కాదు. మనుష్యులకు కీడు చేయుటయు లేకపోలేదు. 2024వ సంవత్సరమున ఉత్తరప్రదేశములోని బహ్రైచ్ జిల్లాలో తోడేళ్లు పసిపిల్లలను ఎత్తుకొనిపోయి చంపగా, అటవీ శాఖవారు దినముల తరబడి వెదకి వానిని పట్టవలసి వచ్చెను. ఇట్టివి విన్నవారు తోడేలును రక్షింపవలె నను మాటకు కోపించిన తప్పు పట్టలేము.

అయితే చంపుటలో మన దేశము ఏ కాలమునను వెనుకపడలేదు. బ్రిటిషు ప్రభుత్వమువారు తోడేలును చంపినవారికి బహుమానము లిచ్చుచుండిరి. ఆనాటి లెక్కలను పరిశోధించిన చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ గారి అంచనాను బట్టి 1875 మొదలు 1925 వఱకు 50 సంవత్సరములలో 2,00,000 తోడేళ్లు చంపబడినవి. నేడు దేశమంతటను మిగిలినవి సుమారు 3,000 అని చెప్పుచున్నారు. మన రాష్ట్రమున కర్నూలు, అనంతపురము వైపు మెట్టలలో ఇంకను కొన్ని గలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో తోడేలు మొదటి పట్టికలో నున్నది, అనగా పులికి ఉన్న రక్షణమే దానికిని కలదు.

అమెరికా దేశమున ఎల్లోస్టోన్ అను జాతీయ వనమునందు 1926 నాటికి తోడేళ్లను పూర్తిగా తుదముట్టించిరి. తరువాత అచ్చటి ఎల్కులు, అనగా మన కణుజువంటి పెద్ద దుప్పులు, మిక్కిలిగా పెరిగి ఏటి యొడ్డున చెట్ల చిగుళ్లను నిలువనీయకుండెను. 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి 31 తోడేళ్లను తెచ్చి అందు విడిచిరి. ఆ వనపు ఉత్తర భాగమున 1994లో సుమారు 19,000 ఎల్కులుండగా, 2013 నాటికి అవి 4,000 లోపునకు దిగెను. చుట్టుపట్ల వేటగాండ్రు తమ వేటను తోడేలు మ్రింగివేసినదని మొఱపెట్టిరి. ఎలుగుబంటులు, కఱవు, వేటగాండ్ర తుపాకులు సయితము కారణములే యని శాస్త్రజ్ఞులు బదులు చెప్పిరి. 2011లో మొంటానా, ఐడహో రాష్ట్రములలో తోడేలునకు కేంద్ర రక్షణము తొలగింపబడిన పిదప దానిని అచ్చట అనుమతిపై వేటాడుచున్నారు. ఎన్నిటిని చంపవలె నను వాదము నేటికిని తీరలేదు.

ఈ కథను ఇచ్చట చెప్పుటకు కారణ మొకటి కలదు. అమెరికా వేటగాడు కోరునది ఎల్కును. తోడేలు కోరునదియు ఎల్కునే. వారికిద్దఱికి పోటీ యుండుట సహజము. మన చేలలో నక్క వేటాడునది ఎలుకను. దానికొఱకు మనలో నెవ్వడును నక్కతో పోటీ పడుట లేదు. యానాది సోదరులు పడుదురని అనవచ్చును గాని, వారికి ఎలుకల కొఱత ఏ నాడును రాలేదు.

మన రాష్ట్రముననే మఱియొక యుదాహరణము కలదు. నందికొట్కూరు దరినున్న రోళ్లపాడు బీళ్లలో బట్టమేకపిట్టను కాపాడుటకై 1988లో అభయారణ్యము నేర్పఱచిరి. పిట్టతోబాటు కృష్ణజింకలకును రక్షణ దొరకెను. కొద్దిపాటి జింకలు వందల కొలది యయ్యెను. చుట్టునున్న రైతుల పైరులు వాని పాలయ్యెను. ఆ బీళ్లలో జింక పిల్లలను పట్టు తోడేళ్లు ఉన్నవి గాని, పెరిగిన మందలకు అవి చాలలేదు. నష్టపడిన రైతులకు అభయారణ్యమన్ననే విసుగు పుట్టెను. ఇటీవలి సంవత్సరములలో అచ్చట బట్టమేకపిట్టయే కనబడుట లేదు. దీనికి కారణములు పెక్కు గలవు. కాని రైతును నష్టమునకు విడిచి జంతువును రక్షింపబూనిన, తుదకు ఆ జంతువునకును మేలు కలుగదని మా యభిప్రాయము. అడవి శాఖవారు ఈ మాటను మన్నింతురుగాక.

ఇక నక్క సంగతి. బడిలో చదివిన కథలన్నిటను నక్క మోసగాడే. సామెతలలో మాత్రము, అదృష్టము పట్టిన వానిని నక్క తోక త్రొక్కినాడందుము. ఆ తోక వెంట్రుకలకును, నక్కకొమ్మని పేరు పెట్టి అమ్ము ఎముక ముక్కలకును ఆశపడి ఎందఱో నక్కలను చంపించిరి. నక్కకు కొమ్ముండదు. సంతలో ఎవడైన దానిని చూపి ఇంటిలో నుంచుకొన్న కలిసివచ్చునని చెప్పిన, అతని మాట నమ్మి పైకము పోగొట్టుకొనకుడు. అది కొనుటయు నేరమే.

నక్క దొంగతనము చేయును. ఆ మాట కాదనుటకు లేదు. పాలు పట్టిన మొక్కజొన్న దానికి మిక్కిలి ప్రీతి. వేరుసెనగ, పుచ్చకాయ, చెఱకు, రాలిన ఈతపండ్లు, తాటిపండ్లు, కాలువ గట్టున పీతలు, ఊరి వెలుపల పాఱవేసిన కళేబరములు, కాపలా లేని కోళ్లు - ఏది దొరకిన నది తినును. అయినను ఊళ్లకును పొలములకును దగ్గఱగా బ్రదుకు నక్కల పెంటను పరీక్షించిన వారికి అందులో ఎలుకల వెండ్రుకలును ఎముకలును విరివిగా కనబడినవి. పండ్లకును కంకులకును ఋతువు కలదు. ఎలుకకు ఋతువు లేదు. సంవత్సరము పొడుగునను రాత్రివేళ గట్ల వెంబడి తిరిగి, కన్నముల యొద్ద పొంచియుండి, ఎలుకను పట్టునట్టి జంతువు మన డెల్టాలో నక్క తరువాత జంగుపిల్లియే. గుడ్లగూబయు, పామును వీనికి తోడు.

గట్టు ఎలుక గుణమును మన సభ్యులకు చెప్ప నక్కఱలేదు గాని, దాని సంతతి వేగమును పెక్కురు తలచుకొనరు. చూలు మోయు కాలము సుమారు మూడు వారములు. ఈతకు ఆఱేడు పిల్లలు. ఆ పిల్లలు కొద్ది నెలలలోనే తామును పిల్లలు పెట్టును. వరి పొట్టకు వచ్చు వేళకు పిలకలను మొదటికంట ఏటవాలుగా కొఱికివేయును. తినునది కొంచెము, పాడుచేయునది హెచ్చు. కోత దగ్గఱపడగనే కంకులను కన్నములోనికి మోసికొని పోవును. ఒక్క కన్నమున కిలోకు పైగా కంకులు దొరకుట కద్దు. వరి కోసిన తరువాత మినుము మీదికిని, మొక్కజొన్న మీదికిని తరలును. పూర్వము వరి తరువాత కొంతకాలము పొలము ఎండియుండెడిది. ఇప్పుడు వరి దుబ్బుల నడుమనే దున్నకుండ మొక్కజొన్న నాటుచున్నాము. రైతుకు అది లాభమే. ఎలుకకును అట్లే, ఏలయన దానికి ఆఁకలి కాలమే లేకపోయినది.

రేపల్లె వైపున ఒక గ్రామమున కొందఱు రైతులు మొక్కజొన్న చేల చుట్టును విషము కలిపిన మాంసపు ముక్కలను పెట్టిరి. నక్కలు చచ్చినవి, ఊరకుక్కలును, రెండు పెంపుడు కుక్కలును చచ్చినవి. ఆ మఱుసటి పంటలో ఎలుకల బాధ ఎన్నడును లేనంతగా నుండెనని ఆ గ్రామస్థులే మాతో చెప్పిరి. నక్కలు పోవుటయే దీనికి కారణమని మేము ప్రమాణము చేయజాలము. ఆ యేడు వానలు వెనుకబడినవి. గట్లు చెక్కకుండ వెడల్పుగా విడిచిరి. ఇరుగుపొరుగు గ్రామములలోను ఎలుకలు కొంత హెచ్చుగానే యుండెను. అయినను నక్కలను చంపని పొరుగు పొలములకును ఆ పొలములకును భేదము కంటికి కనబడుచుండెను. ఒకటి మాత్రము నిశ్చయము. మాంసములో విషము పెట్టుట ఏ చట్టమును ఒప్పదు. 2022లో సవరింపబడిన వన్యప్రాణి చట్టమును బట్టి నక్కయు మొదటి పట్టికలో చేరినది. దానిని చంపిన రైతు కారాగార శిక్షకు పాత్రుడగును.

ఎలుకలకు పెట్టు మందులను గూర్చియు ఒక మాట. వాడుకలో నున్నవి రెండు. జింకు ఫాస్ఫైడు మొదటిది: నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు కలిపి పెట్టుదురు. దీనికి ముందు రెండు దినములు మందు లేని నూకలను కన్నముల యొద్ద నుంచి ఎలుకలకు అలవాటు చేయవలెను. లేనిచో అవి రుచి చూచి విడిచిపెట్టును. రెండవది బ్రోమాడయోలోను. అదియు ఆ పాళ్లలోనే కలుపుదురు గాని, ముందు అలవాటు చేయ నక్కఱలేదు. ఇది ఎలుకను వెంటనే చంపదు. కొన్ని దినములు రక్తము కారి చచ్చును. ఆ దినములలో మందు తిన్న ఎలుక మందగించి పగటివేళ సయితము బయట తిరుగును. దానిని నక్క తినును, పిల్లి తినును, గుడ్లగూబ ఎత్తుకొనిపోవును. మందు వాని కడుపులోనికి చేరును. ఈ మందును ఏటేట పలుమారు చల్లిన చేలలో గుడ్లగూబలు తగ్గుట ఇతర దేశములలో చక్కగా పరిశీలింపబడినది. మందు వాడవలదని మేము చెప్పుట లేదు. కన్నములు లెక్కించి, సజీవమైన కన్నములలోనే పెట్టి, మూతి మూసి, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చుట ఎంత పనియో అంత పనియు చేయవలెను. గట్ల మీద చల్లి ఇంటికి పోవుట మందు వాడుట కాదు.

మన ప్రాంతమున మందుకంటె పురాతనమైన వేటగాండ్రు యానాదులు. ఏ కన్నము పాతది, ఏది క్రొత్తది, ఎలుక ఏ మూతినుండి పాఱిపోవును, ఇవి వారికి మట్టిని చూచినంతనే తెలియును. కుండలో గడ్డి రాజబెట్టి కన్నములోనికి పొగ నూది, రెండవ మూతి యొద్ద పట్టుదురు. బుట్టలు పెట్టి పట్టుటయు వారికి తెలిసిన విద్యయే. కన్నమున దొరకిన కంకులు వారివి. ఎలుక వారికి ఆహారము. ఈ వేటకు ఇప్పుడు వచ్చిన చిక్కును తెనాలి దరి ఒక గ్రామమున యానాది పెద్ద యొకడు మాతో ఇట్లు చెప్పెను: “అయ్యా, మందెట్టిన చేలో మేం ఎలక పట్టం. బతికున్నదాని పొట్టలో మందుందో లేదో మాకేం తెలుసు? పిల్లలు తింటారు గదా.” తాము మందు పెట్టిన మరునాడే యానాదులను పిలిచి, వారు రాలేదని సోమరులనుచున్న రైతులు ఈ మాటను ఆలోచింపవలెను. మందో, మనిషో, ఏ కారున ఏది యన్నది ముందుగా నిశ్చయించుకొనుట మంచిది. రెంటిని కలుపరాదు.

ఇచ్చటనే సంఘము చేయదగిన పని యున్నది. ఒక్క రైతు తన రెండెకరములలో ఎలుకలను పట్టించిన, వారము దినములలో పొరుగు చేని ఎలుకలు ఆ ఖాళీ కన్నములలో కాపురముండును. నూఱెకరములు ఒక్కమారు పట్టించిన ఫలము నిలుచును. ఎకరమునకు ఇంత యని గుత్త నిర్ణయించి, సంఘమే పైకమును వసూలు చేసి, పట్టినవారికి నాటికి నాడు చెల్లింపవలెను. తోక కింత యని లెక్క కట్టుటకంటె ఎకరపు గుత్తయే మేలు; తోకల లెక్కలో తగవులు వచ్చును, మఱియు ఎలుకలు తక్కువైన కొలది పట్టువానికి కూలి తగ్గిపోవును. బాగుగా పని చేసినవానికి శిక్ష విధించినట్లగును. నారుమళ్లు పోయుటకు ముందొకసారి, వరి పిలకలు వేయునప్పుడొకసారి పట్టించిన, పొట్ట దశలో కంగారు పడ నక్కఱలేదు. గట్లను సన్నముగా చెక్కి గడ్డి లేకుండ నుంచిన ఎలుకకు ఇల్లు కట్టుకొన చోటుండదు. చేలలో అక్కడక్కడ ‘టి’ ఆకారపు కొయ్యలను పాతిన గుడ్లగూబలు రాత్రివేళ వానిపై వ్రాలును. గింజ పాలు పట్టు వేళకు కొయ్యలను తీసివేయవలెను, లేనిచో పగటి పిట్టలు వానిపై చేరి కంకులను తినును. గుడ్లగూబ అపశకునమని రాయి విసరు అలవాటును పిల్లలచేతనైన మాన్పించుడు.

నిజాంపట్నము, లంకెవానిదిబ్బ వైపు మడ అడవుల దరిని చేపల చెరువులు గల సభ్యులు బావురుపిల్లిని గూర్చి వ్రాసిరి. అది మొదటి పట్టికలోని జంతువు, అరుదైనది. చెరువు గట్టునకు వల కట్టుటయే మేము చెప్పగల యుపాయము.

అడవిపంది విషయము వేఱు. ఈ భేదమును గుర్తింపకయే మన సమావేశములలో వాదము ముదురుచున్నది. నక్క మన కొఱకు వేటాడును. పంది మన కేమియు వేటాడదు. దానిని వేటాడు పులియు, చిఱుతయు డెల్టాలో లేవు. ఆడపంది ఒక్క ఈతకు నాలుగైదు పిల్లలను పెట్టును. లంకలలోని తుమ్మ పొదలును, సరుగుడు తోటలును దానికి పగటి యిండ్లు. వేటాడు జంతువు లేని చోట మనుష్యుడే ఆ పని చేయవలసియుండును. కావున పందులను మితముగా వేటాడించుటకు మేము అనుకూలురము. అహింసాపరులైన సభ్యులు కొందఱు దీనికి ఒప్పకపోవచ్చును. వారి మనస్సును మేము గౌరవింతుము గాని, కంద చేను పోయిన కౌలురైతు ముఖమును చూచి మా యభిప్రాయమును మార్చుకొనలేము.

ఆ వేటయు చట్టము ననుసరించియే జరుగవలెను. అడవిపంది రెండవ పట్టికలోనిది. పైరునకు హాని చేయుచున్నదని తేలిన చోట రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన యుద్యోగి గాని దానిని చంపుటకు 11వ సెక్షను క్రింద అనుమతి నీయవచ్చును. కేంద్ర ప్రభుత్వమువారు 62వ సెక్షను క్రింద ఒక ప్రాంతమునకు, ఒక కాలమునకు దానిని హానికర జంతువుగా ప్రకటింపవచ్చును; 2015లో బీహారునకును, 2016లో ఉత్తరాఖండమునకును ఇట్లు చేసిరి. కేరళ ప్రభుత్వమువారు 2022లో ఈ అనుమతి నిచ్చు నధికారమును పంచాయతీ అధ్యక్షులకే యొసగిరి. అనుమతి నిచ్చువాడు రైతుకు ఎంత దగ్గఱగా నున్న అంత మేలని మా తలంపు. తుపాకి పట్టువాడు మాత్రము తర్ఫీదు గలవాడై యుండవలెను.

కరెంటు తీగను గూర్చి ఎంత చెప్పినను తక్కువే. ఎలుకలకనియు, పందులకనియు పొలము చుట్టును తీగ లాగి, రాత్రి నీరు పెట్టుటకు వచ్చిన పొరుగు రైతో, గడ్డి కోయు కూలియో, ఒక్కొక్కప్పుడు తీగ పెట్టిన రైతో మరణించిన వార్త ఆంధ్రదేశమున ఏటేట పత్రికలలో వచ్చుచునే యున్నది. తడిసిన మాగాణిలో తీగ ఎవరిని చంపునో పెట్టినవానికి తెలియదు. చచ్చినవాడు మనుష్యుడైన కేసు మనుష్యుని చంపినదే యగును. తీగ పెట్టినవాడు పరారీలో నుండగా అతని భార్యాబిడ్డలు ఉభయ కుటుంబముల దుఃఖమును మోయవలసివచ్చును. కాపలా మంచెయు, డప్పును, చేని చుట్టును కట్టిన రంగు చీరలును కొన్నాళ్లు పని చేయును. పంది వానికి అలవాటుపడిన పిమ్మట వానిని మార్చవలెను. మొక్కజొన్న చుట్టును నాలుగు సాళ్లు కుసుమ వేసిన ముండ్లకు పంది వెనుదీయును. మెట్టలో ఈ పద్ధతి కొందఱకు మేలు చేసినది. బాపట్ల ఇసుక నేలలలో వేరుసెనగకు రక్షగా దీనిని పరీక్షించి చూడదగును.

పంది వలన పైరు పోయిన సభ్యుడు తెల్లవారిన వెంటనే పొలమును దున్నివేయరాదు. అడుగు జాడలును, పెఱికిన మొక్కలును ఉన్నవి ఉన్నట్లుగా ఫోటో తీయించి, గ్రామ వ్యవసాయ సహాయకునిచే విస్తీర్ణము వ్రాయించి, అటవీ రేంజి కార్యాలయమునకు దరఖాస్తు పంపవలెను. నష్టపరిహారమునకును, వేట అనుమతికిని వేఱువేఱు దరఖాస్తులు వ్రాయవలెను. ఒక గ్రామమున నష్టపడినవారందఱు ఒక్క కాగితముపై సంతకములు చేసి సంఘము ద్వారా పంపిన, రేంజి అధికారి ఒక్కమారు వచ్చి అన్ని చేలను చూచుటకు వీలగును. సర్వే నెంబరు, పైరు పేరు, నాటిన తేది, కౌలుదారైనచో కౌలు పత్రపు నెంబరు తప్పక వ్రాయుడు. ఈ యొక్క నెంబరు లేక త్రిప్పి పంపబడిన కాగితములు మేము పెక్కు చూచితిమి.